ఊరంతా పొయ్యిలే!

పొంగలి వండటం మనకేం కొత్త? సంక్రాంతికి వండుతాం. రథసప్తమికి పిడకల మీద పాలు పొంగించి చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతాం. పోలేరమ్మ కొలుపులొస్తే గుడి ముందు మూడు రాళ్ళు పేర్చి పొంగళ్ళు పెడతాం. హైదరాబాదులో అయితే ఆషాఢమాసం వచ్చిందంటే బోనం వండి, వేపమండలు కట్టి, నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు అమ్మవారి గుడికి బారులు తీరతారు. కానీ, ఒక రాష్ట్ర రాజధాని మొత్తం, బస్సులూ కార్లూ తిరగాల్సిన రోడ్లన్నీ ఒక్క పూటకు వంటిల్లుగా మారిపోవడం ఎప్పుడైనా చూశారా? రైల్వేస్టేషను బయట, బ్యాంకు మెట్ల కింద, బట్టల షాపు షట్టరు ముందు, ఎక్కడ చూస్తే అక్కడ మూడు ఇటుకలు, ఒక కుండ, దాని వెనక ఒక ఆడమనిషి!

నేను చూశాను. 2024 ఫిబ్రవరి 25, ఆదివారం నాడు, తిరువనంతపురంలో. దాన్ని ఆట్టుకాల్ పొంగాల అంటారు. పొంగాల అంటే మన పొంగలే.

పద్మనాభస్వామి గుడికి ఒక రెండు కిలోమీటర్ల దూరంలో, కిళ్ళియారు అనే చిన్న ఏటికి దగ్గర్లో ఉంది ఆట్టుకాల్ భగవతి ఆలయం. మలయాళ పంచాంగంలో కుంభ మాసం, అంటే మనకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పది రోజుల ఉత్సవం జరుగుతుంది. పున్నమి ప్రాంతంలో పుబ్బ నక్షత్రం వచ్చిన తొమ్మిదో రోజున పొంగాల. వండేది ఆడవాళ్ళే. 1997లో 15 లక్షల మంది వచ్చారని గిన్నిస్ బుక్ లోకి ఎక్కింది. 2009లో 25 లక్షలని మళ్ళీ ఎక్కింది. కరోనా వల్ల 2021, 2022 సంవత్సరాల్లో మాత్రం ఎవరి ఇళ్ళ దగ్గర వాళ్ళు పెట్టుకున్నారట.

అక్కడివాళ్ళు దీన్ని 'ఆడవాళ్ళ శబరిమల' అంటారు. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో మాల వేసుకున్నప్పుడల్లా నలభై ఒక్క రోజులూ తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, మడిగా వండిపెట్టింది నేనే కదా! ఆ లెక్కన నాకూ ఒక శబరిమల బాకీ ఉంది. పైగా మేం వెళ్ళిన రైలు పేరు కూడా శబరి ఎక్స్‌ప్రెస్సే. గుంటూరులో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి తిరువనంతపురంలో దింపుతుంది.

'మేం' అంటే నేనూ, మా పెద్దాడబిడ్డ. ఆవిడను నేను వదిన అంటాను.

వదిన సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ భర్త పోయి ఆరేళ్ళు దాటింది అప్పటికి. మా వైపు ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా సరుకుల పట్టీ రాసేది వదినే. ఎన్ని కేజీల బియ్యానికి ఎంత పెసరపప్పు, ఎంత బెల్లం అన్నది ఆవిడ నోటిలెక్క. పోపు వాసన చూసి ఉప్పు చాలలేదని చెప్పగలదు. అలాంటి మనిషి, 2023లో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్ళింది. పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె ఊరినుంచి మోసుకెళ్ళింది కూడా తనే. తీరా ముహూర్తం వేళకు ఒక పెద్దావిడ వచ్చి, "నువ్వు కాస్త అవతల గదిలో కూర్చో అమ్మా, పాలు పొంగే వేళ" అంది. గొంతు పెంచి కూడా కాదు, చాలా ప్రేమగానే అంది. వదిన మాట్లాడకుండా వెళ్ళి కూర్చుంది. ఆ తరువాత వచ్చి అరవై మందికి పులిహోర కలిపింది. ఆ చెయ్యి పులిహోర కలపడానికి పనికొచ్చింది, స్టవ్వు మీద గిన్నె పెట్టడానికి మాత్రం పనికిరాలేదు!

ఇలాంటివి మన ఇళ్ళల్లో లేవంటారా? పేరంటానికి పిలవడానికి వచ్చి, గుమ్మంలో ఆవిడ కనిపిస్తే "కోడలు లేదా అండీ?" అని అడిగి, కుంకుమ భరిణె కొంగు చాటున దాచేవాళ్ళను మీరూ చూసే ఉంటారు.

నా డిగ్రీ స్నేహితురాలు ఒకామె భర్త బ్యాంకు ఉద్యోగరీత్యా తిరువనంతపురంలో ఉంటోంది. ఏటా రమ్మని పోరుతుంది. ఆ ఏడు కుదిరింది. "వదినా, మీరూ రండి" అన్నాను. చూడటానికి వస్తానంది. రైల్లో నేను "మీరూ ఒక కుండ పెట్టండి" అంటే మాత్రం, "నేనా! వద్దమ్మాయ్. పరాయి ఊళ్ళో పదిమందిలో ఎవరైనా ఏమన్నా అంటే నీకు చిన్నతనం" అని కిటికీ వైపు తిరిగింది. నేనిక రెట్టించలేదు.

శుక్రవారం సాయంత్రం దిగాం. పొంగాలకు ఇంకా ఒక రోజు పైనే ఉంది. అప్పటికే రోడ్ల పక్కన ఇటుకలు పరిచేసి ఉన్నాయి. ఎవరి స్థలం వాళ్ళు సుద్దముక్కతో పేర్లు రాసుకున్నారు. మన ఊళ్ళల్లో బస్సు సీట్లో చేతిరుమాలు వేసినట్టన్నమాట! దూరాల నుంచి వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుని అక్కడే పడుకుంటున్నారు. మా స్నేహితురాలి ఇల్లు మణక్కాడ్ ప్రాంతంలో, గుడికి నడిచి వెళ్ళే దూరం. వాళ్ళ గేటు ముందు కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇటుకలు వచ్చేశాయి. "ఇదేమిటే?" అంటే "ఆ రెండు రోజులూ గేటు మనది కాదు, బాత్రూమూ మనది కాదు" అని నవ్వింది. నిజంగానే రెండు రోజులూ వాళ్ళ వీధి తలుపు తెరిచే ఉంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, నీళ్ళు పట్టుకునేవాళ్ళు పట్టుకుంటున్నారు. ఆ ఒక్క ఇల్లే కాదు. మణక్కాడ్ పెద్ద మసీదు వాళ్ళు పొంగాలకు వచ్చే ఆడవాళ్ళ కోసం, బందోబస్తు పోలీసుల కోసం తమ ఆవరణ తెరిచి ఉంచడం ఏళ్ళుగా వస్తున్న పద్ధతి. చర్చిల వాళ్ళూ అంతే.

మర్నాడు పొద్దున్నే కుండలు కొనడానికి వెళ్ళాం. కొత్త మట్టికుండ ఉండాలి. వీధి వీధంతా ఎర్రటి కుండల గుట్టలు. కుండ కొనే విద్య మాత్రం ఎక్కడైనా ఒకటే. వదిన ఒక్కో కుండనూ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, సూర్యుడి వైపు తిప్పి చూసి, నాలుగు పక్కన పెట్టి అయిదోది తీసింది. అమ్మేవాడికి తెలుగు రాదు, ఈవిడకు మలయాళం రాదు. అయినా వాడు ఈవిడ వాటం చూసి గౌరవంగా లేచి నిలబడ్డాడు! మా స్నేహితురాలు మాత్రం మమ్మల్నేమీ అడగకుండా మూడు కుండలకు డబ్బులిచ్చింది. వదిన మూడో కుండ వంక చూసింది. ఏమీ అనలేదు.

కుండతో పాటు కొబ్బరి చిప్పతో చేసిన గరిటె, ఎండు కొబ్బరి మట్టలు, కొబ్బరి పీచు. అక్కడ కట్టెల కన్నా వీటి వాడకమే ఎక్కువ. మామూలు పొంగాలకు బియ్యం, బెల్లం, కొబ్బరి కోరు, నెయ్యి, ఏలకులు. స్తోమతను బట్టి జీడిపప్పు, కిస్‌మిస్, అరటిపండు. ఇది కాక తెరళి అని ఇంకొకటి చేస్తారు. బియ్యప్పిండి, బెల్లం, అరటిపండు కలిపి, దాల్చినచెక్క జాతి ఆకును పొట్లంలా చుట్టి అందులో కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండరూ, అలాగన్నమాట. వాసన వేరు. తలనొప్పులు పోవాలని మొక్కుకునేవాళ్ళు పెసరపిండితో తల ఆకారంలో మండపుట్టు అని చేస్తారు. అది చూసి, ఇంటికో డజను చేసి పంపమని అడగాలనిపించింది నాకు!

దేవి కథ

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, స్నానాలు చేసి, నూలు చీరలు కట్టుకుని వీధిలోకి వచ్చేశాం. (సిల్కు, నైలాను కట్టుకోవద్దని మరీ మరీ చెబుతారు. అన్ని పొయ్యిల మధ్య కూర్చోవాలి మరి.) మా గేటు ముందు వరసలో మొదట కొల్లం నుంచి వచ్చిన ఒక ముసలావిడ, ఆవిడ కోడలు. తరువాత నా స్నేహితురాలు, నేను. ఆ పక్కన మూడో కుండ. దాని అవతల నాగర్‌కోయిల్ నుంచి వచ్చిన తమిళ కుటుంబం. అందులో ఒక పిల్లకు పెళ్ళయి నెల కూడా కాలేదు. చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. వదిన మూడో కుండ వెనక కూర్చుంది, కుండకు కాపలా ఉన్నట్టు.

కాసేపు చుట్టూ చూసి, "ఇక్కడ ఎవరు ఎవరో తెలియడం లేదమ్మాయ్" అంది మెల్లిగా. నిజమే. బంగారు అంచు మీగడరంగు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు, నుదుట చందనం చుక్క. కొందరికి పాపిట్లో కుంకుమ ఉంది, కొందరికి లేదు. మెడలో గొలుసు చూసి అది మంగళసూత్రమో కాదో మనం చెప్పలేం. మన దగ్గరలా మనిషిని చూడగానే ఆరా తీయడానికి అక్కడ మనకు వీలు చిక్కదు.

కొల్లం ముసలావిడ మాటకారి. నా స్నేహితురాలు మధ్యలో ఉండి తర్జుమా చేస్తోంది. ఏ ఊరు, పిల్లలెందరు, నక్షత్రం ఏమిటి అని వదినను వరసగా అడిగింది. ఆయన ఏం చేస్తారని మాత్రం అడగలేదు. వదినకే మనసు ఊరుకోలేదు. దాచిపెట్టి కూర్చున్నట్టు అనిపించిందేమో, "నాకు ఆయన లేరని చెప్పు. నేను పెట్టకూడదేమో అడుగు" అంది.

స్నేహితురాలు చెప్పింది. ముసలావిడ వక్క నములుతూ విని, ఏదో అని, గుడి ఉన్న వైపు చెయ్యి చూపించింది. నా స్నేహితురాలు మాకు తెలుగులో చెప్పడానికి ఒక నిమిషం పట్టింది.

"నాకూ లేడు, పంతొమ్మిదేళ్ళయింది అంటోంది. అందుకని అమ్మవారికి అన్నం పెట్టడం మానతానా అంటోంది. ఇంకా... ఆవిడకు మాత్రం ఉన్నాడా అని అడుగుతోంది."

'ఆవిడ' అంటే గుళ్ళో దేవి.

ఆట్టుకాల్ భగవతిని కణ్ణగి అవతారంగా కొలుస్తారు. ఇళంగో అడిగళ్ రాసిన తమిళ కావ్యం శిలప్పదికారంలో కథానాయిక కణ్ణగి. ఆవిడ భర్త కోవలన్ ఆస్తంతా పోగొట్టుకుని, భార్య కాలి అందె అమ్మి మళ్ళీ బతుకు మొదలుపెడదామని మధురకు వస్తాడు. అది రాణిగారి దగ్గర దొంగిలించిన అందె అని నింద పడుతుంది. పాండ్యరాజు విచారణ లేకుండా చంపించేస్తాడు. కణ్ణగి రెండో అందె పట్టుకుని ఒంటరిగా రాజసభకు వెళుతుంది. రాణి అందెలో ఉన్నవి ముత్యాలు. తన అందె పగలగొట్టి చూపిస్తే అందులోంచి కెంపులు రాలాయి. రాజు చేసిన అన్యాయానికి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఆవిడ ఆగ్రహానికి మధుర నగరం తగలబడింది. ఆ తరువాత ఆవిడ చేరదేశం వైపు వచ్చిందని, కొడుంగల్లూరు వెళుతూ దారిలో ఇక్కడ ఆగిందని ఆట్టుకాల్ వాళ్ళ నమ్మకం. కిళ్ళియారు ఒడ్డున ఒక చిన్నపిల్ల కనిపించి ఏరు దాటించమని అడిగిందని, ముల్లువీడు అనే ఇంటి పెద్ద దాటించి తన ఇంటికి తీసుకెళితే మాయమైందని, ఆ రాత్రి కలలోకి వచ్చి గుడి కట్టమందని స్థలపురాణం.

ఉత్సవం పది రోజులూ గుడి ముందు పందిట్లో ఈ కథనే పాటగా పాడతారు. తోట్టం పాట అంటారు దాన్ని. మొదటి రోజు దేవికి కంకణం కట్టి పాట మొదలుపెడతారు. పాటలో భర్త చనిపోయే ఘట్టం అయిన మర్నాడు, అంటే ఏడో రోజు, గుడి తలుపులు ఆలస్యంగా తెరుస్తారట. అది ఆ ఇంటి మైల అన్నమాట! పాటలో పాండ్యరాజు వధ పూర్తయిన తరువాతే పొంగాల పొయ్యి వెలిగిస్తారు. అంటే ఈ లక్షల కుండలు పొంగేది భర్తను పోగొట్టుకున్న ఒక ఆడది న్యాయం అడిగి గెలిచినందుకు.

వదినకు ఈ కథ తెలియక కాదు. చిన్నప్పుడు చదువుకున్నదే. కానీ ఆ ముసలావిడ చెయ్యెత్తి చూపించిన తీరులో ఏముందో, వదిన లేచి కొంగు బిగించి, మూడో కుండలో నీళ్ళు పోసింది.

నిప్పు చేతులు మారింది

పదిన్నర వేళకు గర్భగుడిలో దీపం నుంచి తెచ్చిన నిప్పుతో మొదట గుడి వంటశాల పొయ్యి, తరువాత బయట 'పండార అడుప్పు' అనే పెద్ద పొయ్యి వెలిగిస్తారు. చెండ మేళం మోగుతుంది. బాణాసంచా పేలుతుంది. అప్పుడు వేలాది ఆడవాళ్ళు ఒక్కసారి నాలుక ఆడిస్తూ 'కురవ' అనే మంగళధ్వని చేస్తారు. ఆ మోత మా వీధి దాకా అలలా వచ్చింది. మైకుల్లో చెప్పారు. ఇక ఎవరూ ఆగలేదు. పండార అడుప్పు నిప్పు పక్క పొయ్యికి, ఆ పొయ్యి నుంచి ఆ పక్క పొయ్యికి. దూరంగా ఉన్న వీధుల్లో మైకులో ప్రకటన వినగానే అంటించుకుంటారు.

మా వరసలో కొల్లం ముసలావిడ ముందు వెలిగించింది. మండుతున్న కొబ్బరి మట్టను కోడలికి ఇచ్చింది. కోడలు నా స్నేహితురాలికి, ఆమె నాకు, నేను వదినకు. వదిన పొయ్యి అంటుకుంది. చేతిలో మట్ట ఇంకా మండుతోంది. ఆ తరువాత ఉన్నది ఆ కొత్త పెళ్ళికూతురు.

వదిన ఆగిపోయింది. మట్టను నా వైపు చాచి, "నువ్వివ్వమ్మా ఆ పిల్లకి" అంది. నా చేతిలో అప్పటికే గరిటె, బెల్లం గిన్నె ఉన్నాయి. ఈలోపు ఆ పిల్లే ముందుకు వంగి, "అమ్మా, కొడుంగ" అంటూ తన చేతిలో ఉన్న ఎండు మట్టను వదిన మట్టకు ఆనించింది. అంటుకోగానే తన పొయ్యిలో పెట్టుకుంది. దానికసలు ఇందులో ఒక సంగతి ఉందనే తెలియదు. దాని తొందరంతా పొయ్యి చల్లారిపోతుందేమోనని.

వదిన కళ్ళు తుడుచుకుంది. పొగ అండీ. నావీ మండుతున్నాయి, అందరివీ మండుతున్నాయి.

ఆ పొగ సంగతి చెప్పకపోతే వెళ్ళదలచుకున్నవాళ్ళకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఎండ, కింద తారు రోడ్డు వేడి, ముందు పొయ్యి వేడి, వెనక ఇంకొకరి పొయ్యి వేడి. పది నిమిషాలకు ఎదురు వరస కనిపించదు. ఆస్త్మా ఉన్నవాళ్ళు, గుండెజబ్బు వాళ్ళు ఆలోచించుకునే వెళ్ళాలి. మజ్జిగ, మంచినీళ్ళు మాత్రం అడుగడుక్కీ ఇస్తూనే ఉన్నారు. ఇచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? మగవాళ్ళు! పొయ్యిల దగ్గర వాళ్ళకు పని లేదు. అందుకని బకెట్లు మోస్తూ, మధ్యాహ్నానికి అన్నం వండి పొట్లాలు పంచుతూ, పసిపిల్లలను ఎత్తుకుని తిప్పుతూ కనిపించారు. నా స్నేహితురాలి భర్త ఉదయం నుంచి మా వీధి మొత్తానికి నిమ్మకాయ నీళ్ళు కలుపుతూనే ఉన్నాడు. చూడముచ్చటగా ఉంది సుమా!

వరసలో అందరికన్నా ముందు పొంగింది కొల్లం ఆవిడ కుండ. తరువాత నాది. వదినది చివరకు పొంగింది. కుండ ఏ వైపు పొంగితే ఏమిటనేదానికి వాళ్ళకో శాస్త్రం ఉంది. తూర్పుకు పొంగితే కోరిక వెంటనే తీరుతుందట. ఉత్తరానికైతే కాస్త ఆలస్యం. పడమర, దక్షిణాలైతే కష్టాలు ఇంకా తీరలేదని. వదిన కుండ తిన్నగా దక్షిణానికి పొంగింది! నా గుండె గుభేలుమంది. ముసలావిడ తొంగిచూసి, ఏమాత్రం తడుముకోకుండా ఏదో అంది. "వచ్చే ఏడు మళ్ళీ రావాలని అర్థమట" అని చెప్పింది స్నేహితురాలు. వదిన నవ్వింది. "ఇటుక పల్లంగా ఉంది, అందుకని అటు పొంగింది" అంది. వంట తెలిసినావిడ కదా!

మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో గుళ్ళో నైవేద్యం అయింది. వందల మంది పూజారులు వీధి వీధికీ వచ్చి కుండల మీద తీర్థం చల్లారు. ఆకాశంలో విమానం నుంచి పూలు చల్లుతారట. చప్పుడు విన్నాను గానీ పూలు మా వీధి దాకా రాలేదు. తీర్థం పడగానే వీధి వీధంతా లేచి నిలబడింది. వేడి కుండలకు గుడ్డలు చుట్టి నెత్తిన పెట్టుకుని, చంకన పెట్టుకుని బస్టాండుకు, స్టేషనుకు నడిచిపోతున్నారు. గంటలో మా గేటు ముందు మూడు మూడు ఇటుకలు, బూడిద మిగిలాయి.

ఆ ఇటుకలను నగర కార్పొరేషన్ వాళ్ళు పోగుచేసి పేదవాళ్ళ ఇళ్ళు కట్టడానికి ఇస్తారు. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ప్లాస్టిక్ తేవద్దని, స్టీలు పళ్ళెం, గ్లాసు వెంట తెచ్చుకోమని కూడా ముందునుంచే ప్రచారం చేస్తారు. సాయంత్రం నుంచే కార్మికులు దిగారు. బూడిద ఎత్తి, ఊడ్చి, నీళ్ళు కొట్టి రోడ్లు కడిగారు. తెల్లవారి లేచి చూస్తే నిన్న ఇక్కడ వంట చేశామంటే మాకే నమ్మకం కలగలేదు.

అన్నీ మెచ్చుకునేవేనా అంటే కాదు. నా స్నేహితురాలి కూతురు ఆ రోజు గదిలోంచి కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆ మూడు రోజుల లెక్క అక్కడా ఉంది. సుమంగళి, విధవ తేడా పెట్టని రోడ్డు మీద కూడా ఆ గీత చెరగలేదు. ఇంకొకటి కుత్తియోట్టం. చిన్న మగపిల్లలు ఏడు రోజులు గుళ్ళోనే ఉండి వ్రతం చేస్తారు. చివర్లో వాళ్ళ పక్కటెముకల దగ్గర సన్నని తీగ గుచ్చి ఊరేగింపులో నడిపిస్తారు. కేరళ తొలి మహిళా ఐపీఎస్ అధికారి ఆర్. శ్రీలేఖ 2018లో దీన్ని బాహాటంగా తప్పుపట్టారు. తనూ పొంగాల పెట్టే భక్తురాలే, అయినా ఆ ఏడు పెట్టనని రాశారు. దేశం నలుమూలలా దీని మీద చర్చ జరిగింది. నాకైతే ఆవిడ మాటే సబబుగా అనిపిస్తుంది. మొక్కు తల్లిదండ్రులది, నొప్పి పిల్లాడిది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ఏటా తేదీ మారుతుంది, కాబట్టి ముందే కనుక్కోండి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ రోజే చేయించుకోకపోతే దొరకడం కష్టం. గుడికి మరీ దగ్గర కావాలని పట్టుబట్టకండి. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో కూడా అదే నిప్పు, అదే తీర్థం. పైగా ఊపిరాడుతుంది. కుండ, ఇటుకలు, మట్టలు అన్నీ అక్కడే దొరుకుతాయి. మన బియ్యం, మన బెల్లం మాత్రం పట్టుకెళ్ళండి. వాళ్ళ బెల్లం రంగు నలుపు, వదినకు నచ్చలేదు. గొడుగు, నూలు చీర, తడిపి మొహానికి కట్టుకోవడానికి ఒక తువాలు తప్పనిసరి. పండగ అయిన సాయంత్రమే తిరుగు రైలు ఎక్కుదామనుకోకండి. స్టేషనులో అడుగు పెట్టడానికి చోటుండదు. ఒక రోజు ఆగి, పద్మనాభస్వామిని చూసుకుని తీరిగ్గా రండి.

మేం అలాగే మంగళవారం బయల్దేరాం. పొంగలి అన్ని రోజులు నిలవ ఉండదు కాబట్టి అక్కడే అందరికీ పంచేశాం. తెరళి కొంచెం, కుండ మాత్రం వెంట తెచ్చుకున్నాం. వదిన తన కుండను గుంటూరు దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. పై బెర్తు ఖాళీగా ఉంది, పెట్టండి అంటే పగులుతుందంది.

2025లో పొంగాల మార్చి 13న వచ్చింది. పిల్లల పరీక్షల వల్ల నేను వెళ్ళలేకపోయాను. వదిన వెళ్ళింది. వాళ్ళ వీధిలోంచి ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ ముగ్గురిలో ఇద్దరు పేరంటాలకు పిలుపులు రానివాళ్ళు. మూడో ఆవిడ ముత్తయిదువే. రిజర్వేషన్లు, సరుకుల పట్టీ అన్నీ వదినే చూసుకుంది. నాలుగు కుండలకు ఎంత బెల్లమో పట్టీలో రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఒక అరకేజీ ఎక్కువే రాసింది. ఎందుకంటే, "పక్క పొయ్యి వాళ్ళకు చాలకపోతేనో?" అంది.